భార్య పేరు అడిగే డాక్టరయ్య

"అయ్య ల్యాడమ్మా" అని జట్కా తోలే సాయిబు సోమవారం ఉదయం వచ్చి చెప్పాడు. ఆదివారం పొద్దున మా డాక్టరయ్య లేవలేదట. వచ్చి చూసిన మరో డాక్టరు తలలో నెత్తురు చేరిందన్నారట. కడపలో ఆయన నడిపిన చిన్న ఆస్పత్రిలో ఏడేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. కబురు విన్నప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లొచ్చాను.

తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్లను ఆయన ఓ పట్టాన వదిలేవారు కాదు. పుర్రె లోపల నెత్తురు కారుతున్నా మొదట్లో పైకి ఏమీ కనిపించదు. మనిషి లేచి కూర్చుంటాడు, మజ్జిగ తాగుతాడు, ఇంటికి పోతానంటాడు. "నాకేం కాల్యా అనేటోన్నే కనిపెట్టుకోని ఉండాల" అనేవారు. టార్చి వేసి కంటిపాపలు చూసేవారు, రెండు చేతులతో తన వేళ్లు పట్టుకోమనేవారు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: "నీ పెండ్లాం పేరేందప్పా?" మా వైపు మగవాళ్లు నలుగురిలో ఆ పేరు ఎత్తరు, "మా ఇంట్లోది" అంటారు. ముసలాయనకు ఇదేం సరదా అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒకసారి మంగంపేట ముగ్గురాయి గని నుంచి ఒక కూలీని లారీలో తెచ్చారు. తలమీద రాయి పడింది. స్పృహలోనే ఉన్నాడు. పావుగంటకోసారి లేపి అడగమని డాక్టరయ్య నాకు పురమాయించారు. అడిగినప్పుడల్లా అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోమ్మా, అది ఈడనే ఉండాది గదా" అనేవాడు. గుమ్మం దగ్గర కూర్చున్న భార్య తల వంచుకునేది. మధ్యాహ్నం దాటాక మంచం మీద అటూ ఇటూ దొర్లడం మొదలుపెట్టాడు. మళ్లీ అడిగాను. "సుబ్బమ్మ" అన్నాడు, గదంతా వినిపించేటట్టు.

నాకు సంతోషమైంది. సరిగ్గా చెప్పాడు, కోలుకుంటున్నాడని పరుగున వెళ్లి చెప్పాను. డాక్టరయ్య తింటున్న అన్నం ముందునుంచి లేచారు.

"సిగ్గు యాడికి పోయింది?" అన్నారు. "పేరు కోసరం కాదమ్మా నేను అడిగేది. ఆ మనిషి ఆ మనిషిగానే ఉండాడా ల్యాదా అని."

వెళ్లి చూస్తే ఎడమ కంటిపాప పెద్దదైంది, కుడిచేతి పట్టు సడలింది. ఎడమ కణత పైన పుర్రెకు చిల్లు వేసి, చేరిన నెత్తురు తీశారు. నాలుగో రోజు పేరు అడిగితే అతను మళ్లీ తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సుబ్బమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. "ఇంగ పర్వాల్యాదు" అన్నారు డాక్టరయ్య. నాతో మాత్రం ఒక్క మంచిమాట అనలేదు. ఏడేళ్లలో ఆయన ఎవరినీ పొగడగా నేను వినలేదు. పని బాగుంటే ఊరుకునేవారు. నాకు వచ్చిన పనంతా అలా ఊరుకోవడంలోనే నేర్పారు.

పదిహేను రోజుల కిందట మందుల గది ద్వారబంధం ఆయన తలకు గట్టిగా తగిలింది. కళ్లు చూడనివ్వమన్నాను. "ఏం కాల్యా, పోమ్మా" అన్నారు. పోయాను. మొన్న శనివారం సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ నా దగ్గర ఆగారు. "నీ అట్లాంటి నర్సు జిల్లాలోనే ల్యాదు తల్లీ. శానా బాగ చేస్తాండావు" అన్నారు.

ఏడేళ్లు ఎదురుచూసిన మాట. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను, పక్కింటివాళ్లకూ చెప్పాను. ఆ రోజు సుబ్బమ్మ పేరు విని ఎలా సంబరపడ్డానో, అచ్చం అలాగే. ఆయన ఆ మాట అన్నప్పుడు టార్చి నా చేతిలోనే ఉంది. ఆ మాట ఆయన మనసులోంచి వచ్చిందో, తలలో చేరిన నెత్తురు పలికించిందో నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం జట్కా ఎక్కుతుంటే ఆయన కుడికాలి చెప్పు జారి దుమ్ములో పడింది. ఆయన గమనించలేదు. నేనే నవ్వుతూ తీసి ఇచ్చాను. "పడిందా?" అన్నారు. దాన్ని కాలికి వేసుకోకుండా ఒళ్లో పెట్టుకుని, జట్కా మలుపు తిరిగేదాకా నా వైపు చూసి నవ్వుతూనే ఉన్నారు.