వంతుల పని

గూడూరు దగ్గరి అభ్రకం షెడ్డులో పనికి చేరేనాటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. అభ్రకాన్ని మా వైపు కాకిబంగారం అంటారు. గనుల నుంచి వచ్చిన పలకల్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చడం మా ఆడవాళ్ల పని. సాయంత్రం ఇంటిదారి పడితే మా చీరలూ చేతులూ ఎండకు తళతళలాడేవి.

మా మేస్త్రీ ఒక క్రైస్తవురాలు, భర్త పోయిన మనిషి. అందరం అక్కా అనేవాళ్లం. పని దగ్గర కేకలేసేది. మధ్యాహ్నం మాత్రం ఎవరి గిన్నెలో కూర లేదో చూసి తన చేపల పులుసు వడ్డించేది.

అరవైల మొదట్లో ఒక చలికాలం, విదేశాల వాళ్లు సరుకు కొనడం తగ్గించారనీ, షెడ్డు మూసేస్తారనీ పుకారు లేచింది. అంతే, మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఎక్కువ చేసినవాళ్లను ఉంచుకుంటారన్న ఆశతో ఒకరిని మించి ఒకరం కత్తి ఆడించాం. మంచి పలకల కోసం పక్కవాళ్ల బుట్టలో చెయ్యి పెట్టాం. ఆ తొందరలో నా పక్కనామె వేలు కోసుకుంది. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి.

అక్క ఆ వేలికి గుడ్డ కట్టి లేచింది.

"కత్తులు కింద పెట్టండి మే. మూస్తారో లేదో నాకూ తెలీదు. పోయి అయ్యనే అడిగొస్తా. అందాకా ఒకరి బుట్టలో ఒకరు చెయ్యి పెట్టినారంటే ఊరుకోను."

యజమాని ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి ఆమె మొహం వాడిపోయి ఉంది. అయినా ఏమీ దాచలేదు.

"మూయరంట. సగం మందికే పని ఉండాదంట. ఎవరిని ఉంచేదో నన్నే చెప్పమన్నాడు."

"ఎవరి పేరు చెప్పినావక్కా?" అని అడిగాను.

"ఎవరి పేరూ చెప్పలా. సగం మంది ఒక వారం, మిగతావాళ్లు ఇంకో వారం వస్తారు, నాకూ అట్నే వంతు వెయ్యమన్నా. గొణిగినాడు గానీ ఒప్పుకున్నాడు. మీరేమంటారు?"

వేలు తెగినామె ఏడ్చింది. "సగం పనితో బిడ్డల్ని ఎట్టా సాకేదక్కా?"

"కోతలొచ్చినాయి గదా. పని లేని వారం నాతో రా."

ఆమెతో పాటు నేనూ పోయాను. వరికోతలో అక్కకు కొడవలి సాగేది కాదు. రోజూ మమ్మల్ని అదిలించే మనిషి వెనకబడిపోతే, "బిరబిరా రా మేస్త్రమ్మా!" అని ఏడిపించేవాళ్లం. నడుము పట్టుకుని తనూ నవ్వేది.

ఆ ఏడు వానలు పడ్డాక సరుకు మళ్లీ కదిలింది. మెల్లగా అందరికీ వారమంతా పని దొరికింది. మధ్యలో మొగుడితో కావలి వెళ్లిపోయిన ఒకామె మాత్రం తిరిగి రాలేదు. రైల్వే స్టేషన్ దగ్గర ఇడ్లీ అంగడి పెట్టామని కబురు పంపింది. ఆ ఆదివారం ప్రార్థన కాగానే అక్క నన్నూ, వేలు తెగినామెనూ వెంటబెట్టుకుని, ఆ ఇడ్లీలు తినడానికి కావలి రైలెక్కింది.