ఉపవాసపు పళ్లెంలో పటికబెల్లం

తాడేపల్లిగూడెం కాలేజీ ల్యాబులో దేవకుమారి కంటికి కనపడని జీవాలకు చిన్నతిరుపతి ప్రసాదం పెట్టేసిందని ఊళ్లో ఒక పుకారు. కొందరు చిటికెడంటారు, కొందరు గంపెడంటారు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

దేవకుమారి ఆ ల్యాబులో అటెండరు. ఆవిడ శుభ్రతకి దోమ కూడా గుమ్మంలో కాళ్లు కడుక్కునే లోపలికొచ్చేది. చేతులకు స్పిరిట్ కొట్టుకోనిదే ఏదీ ముట్టకూడదన్న అక్కడి రూలు ఆవిడకు ఇంట్లో మడిలాగే అనిపించేది. మొగుడు చిట్టిబాబు ఆకివీడు చేపల చెరువుల మీద మేత చల్లేవాడు. షుగరుతో కాలి పుండు మానక మంచమెక్కాడు. అందుకే షుగరు మందు మీద రీసెర్చి చేస్తున్న హరిప్రియంటే ఆవిడకు దేవుడితో సమానం.

హరిప్రియ గాజు పళ్లెంలో కండ కణాలు పెంచి, మందు వేసి, ఆపైన మెరిసే చక్కెర పోస్తుంది. మందు పనిచేస్తే ఆ చక్కెర కణాల్లోకి దూరి, మైక్రోస్కోపులో పచ్చగా వెలుగుతుంది. ఆ శనివారానికి మిగిలింది ఒక్క పళ్లెం. వెలుగు కనపడకపోతే ప్రాజెక్టు మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు.

"ఏవండీ అమ్మాయిగారూ, వీటికి పొద్దుట్నుంచీ మేతే లేదేంటండీ?"

"ఉపవాసం ఉంచాలండీ. కడుపు నిండితే మెరిసే చక్కెర ముట్టుకోవు."

"మా ఆయన కంటే నయమేనండీ. శనివారం ఒక్కపొద్దని చెప్పి ఆరు గారెలు లాగించారు."

హరిప్రియ నవ్వుకుంటూ మైక్రోస్కోపు గదికి వెళ్లింది. దేవకుమారి పళ్లెం వంక చూసింది. ఎంత ఉపవాసమైనా ప్రసాదం కాదనరు. ప్రసాదానికి మైల లేదు. కొంగున కట్టుకున్న చిన్నతిరుపతి పటికబెల్లం పలుకు నీళ్లలో కరిగించి, చిట్టిబాబు కాలు తలుచుకుని, నాలుగు చుక్కలు వేసింది.

హరిప్రియ తిరిగొచ్చి, మందు వేసి, మెరిసే చక్కెర పోసి చూస్తే మైక్రోస్కోపులో చీకటి. అమావాస్యనాటి కొల్లేరే నయం.

"మందు పనిచెయ్యలేదండీ," అంది హరిప్రియ, కళ్లజోడు తీసి.

కడుపు నిండితే ముట్టుకోవన్న మాట అప్పుడు గుర్తొచ్చింది దేవకుమారికి. పళ్లెం తీసుకెళ్లి శుభ్రంగా కడిగేసింది. నెల తిరక్కుండా హరిప్రియ సామాను సర్దుకుని వెళ్లిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో చిట్టిబాబు కాలు మోకాలి కింద తీసేశారు.

పక్కింటి భాగ్యశ్రీ ఉండబట్టలేక అడిగింది. "ప్రసాదం వేశారటగా పిన్నిగారూ?"

"ఎవరన్నారే? ఆ శనివారం నేను డ్యూటీకే వెళ్లలేదు. ప్రసాదం లేదు, పాడూ లేదు. ఆ మందే పనిచెయ్యలేదు. అమ్మాయిగారే చెప్పారు."