రెండో డిస్కు

సినిమాల గురించి నాకు పెద్దగా తెలియదు కానీ, అభిప్రాయాలకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. ఏడిపించే సినిమా అంటే మొదటి నుంచీ ఒళ్లు మంట. టికెట్టు కొనుక్కుని మరీ ఏడవాలా అని నా వాదన. పాత ఏడుపు సినిమాల్లో కుట్టుమిషనూ, దగ్గూ, కళ్లద్దాలు తీసే డాక్టరూ, గాలికి ఆరిపోయే దీపమూ తప్పనిసరి. కొత్తవాటిలో అవి పోయి వయొలిన్లూ, విమానాశ్రయాలూ వచ్చాయి. ఏడుపు మాత్రం అదే. హాస్యానికొస్తే పాతదే నయం. ఒకడు చిన్న అబద్ధమాడి, దాన్ని కప్పిపుచ్చుకోలేక నానా తిప్పలూ పడుతుంటే, మనం వాడి పక్షాన చేరి నవ్వుతాం. కొత్తవాటిలో ఒకడు ఇంకొకణ్ణి చెంపమీద కొట్టి మనల్ని నవ్వమంటాడు.

దేశ రాజధానిలో, సరోజినీ నగర్‌లోని మా గవర్నమెంటు క్వార్టర్లో ఈ ఉపన్యాసం వినే ఖర్మ మా ఆవిడకే పట్టింది. తను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు గోరువెచ్చటి నీళ్ల బకెట్లో పెట్టుకుని అంతా విని, "అసలు మీకు నచ్చిన సినిమా ఏదన్నా ఉందాండీ?" అనేది.

ఒక చలికాలంలో మా పాప పోయింది. నెలలు నిండకుండా పుట్టి, మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉండి కన్నుమూసింది. చర్చి నుంచి మన తెలుగువాళ్లంతా వచ్చారు, ప్రార్థన చేశారు, టిఫిన్ క్యారియర్లలో అన్నం తెచ్చారు. అందరూ చివరికి అనే మాట ఒకటే. "నర్సువి కదమ్మా, నీకు మేం చెప్పేదేముంది."

ఆ తర్వాత మా ఆవిడ మాట్లాడటం మానేసింది. అడిగితే ఊ, లేకపోతే అదీ లేదు. ఒక్కసారి కూడా ఏడవలేదు. అది నన్ను మరీ భయపెట్టింది. వండేది, నాకు వడ్డించేది, తను తినేది కాదు. ఆఫీసులో ఫైలు ముందు నుంచి లేచి వెళ్లి, పక్కింటి ఆంటీకి ఫోన్ చేసి, ఒకసారి మా తలుపు కొట్టి చూడమని బతిమాలేవాణ్ణి. "ఠీక్ హై, బేటా" అని ఆవిడ చెప్పేదాకా ఫోన్ పెట్టేవాణ్ణి కాదు. మనిషి నా కళ్లముందే దూరమైపోతోంది. ఏం చేసి ఆపాలో తెలియడం లేదు.

నాకు తెలిసిన మందు హాస్యం ఒక్కటే. జనక్‌పురిలో ఒక నెల్లూరాయన తెలుగు సినిమాల సీడీలు అద్దెకిచ్చేవాడు. బస్సులో వేలాడుతూ వెళ్లి, దొరికిన కామెడీలన్నీ మోసుకొచ్చాను. పాతవి, కొత్తవి, చెంపదెబ్బలవి కూడా. తను గోడను చూసినట్టు టీవీని చూసేది. తనకు దారి చూపిద్దామని నేనొక్కణ్ణే గట్టిగా నవ్వేవాణ్ణి. నా నవ్వు నాకే అసహ్యంగా వినపడేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక మళ్లీ ఆ సీడీలాయన దగ్గరికి వెళ్లాను. "ఇది చూసి మేడమ్ నవ్వకపోతే నన్నడగండి సార్" అని ఆయన ఒక పాత కామెడీ చేతిలో పెట్టాడు. అప్పట్లో సినిమా అంటే రెండు డిస్కులు. జనం తిరిగిచ్చిన డిస్కులను ఆయన ఏ అట్టలో పడితే ఆ అట్టలో దూర్చేస్తాడని నాకు తెలియంది కాదు. ఆ రోజు చూసుకోలేదు.

మొదటి డిస్కు చివర హీరో దొంగ మీసం పెట్టుకుని బీరువాలో దాక్కున్నాడు. రెండోది పెట్టాను. బీరువా లేదు, మీసం లేదు. ఆసుపత్రి మంచం, దాని మీద కళ్లు మూసుకున్న పసిపిల్ల, పక్కన తల్లి. ఏదో ఏడుపు సినిమా రెండో సగం. రిమోట్ కోసం దిండ్ల కింద తడుముతుంటే తను, "ఉంచండి" అంది.

డాక్టరు లోపలికొచ్చాడు. మెల్లగా కళ్లద్దాలు తీశాడు, మడిచాడు, తల్లి భుజం మీద చెయ్యేసి చెప్పాడు. తల్లి కుప్పకూలింది. మా ఆవిడ నవ్వింది.

"ఆ సెలైన్ చూశారా? గొట్టం దుప్పట్లోకి పోయింది. పరుపుకి ఎక్కిస్తున్నారు."

ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వింది. నేనూ నిజంగా నవ్వాను. బతికిపోయాననుకున్నాను. ఉన్నట్టుండి తన నవ్వు ఆగిపోయింది.

"ఆ డాక్టరుకి ఎంత ఓపికో" అంది. "నాకు అలా ఎవరూ చెప్పలేదండీ."

"ఏంటి?"

"పాప పోయిందని. మానిటర్ మీద గీత నేనే చూశాను. డాక్టరుగారు నా మొహం చూసి, తెలిసిపోయిందిలే అనుకుని మీ దగ్గరికి వచ్చేశారు. నర్సుని కదా. అందరూ నాకు తెలుసనే మాట్లాడారు. మీరు కూడా చెప్పలేదు."

నిజమే. డాక్టరు వరండాలో నాకు చెప్పాడు. నేను లోపలికెళ్లి తన చెయ్యి పట్టుకున్నాను కానీ ఆ మాట నా నోటి నుంచి రాలేదు.

టీవీ కట్టేశాను. కళ్లద్దాలు లేకపోతే నాకు పక్కనున్న మనిషి కూడా ఆనడు. అయినా తీశాను, మడిచి జేబులో పెట్టుకున్నాను. తన భుజం మీద చెయ్యేశాను. సినిమా డాక్టర్ని ఎంత వెక్కిరించానో, ఆ మాట పలకడానికి అంత కష్టపడ్డాను.

"మన పాప పోయింది."

మసకగా కనపడుతున్న తన మొహం నా వైపు తిరిగింది.

"ఎప్పుడండీ?" అని అడిగింది, ఏమీ తెలియని తల్లి అడిగినట్టే. అప్పటికే ఇద్దరం ఏడుస్తున్నాం. నేను మొదటి నుంచీ అంతా చెప్పాను.