పాత పడుగుకు అతికిన కొత్త సెట్టింగులు

దండపాణి మగ్గం మీద నెమళ్లు తలకిందులుగా పడ్డాయి. తిరుత్తణి నుంచి వచ్చి బస్సు దిగిన సత్యప్రియ ఆ ఇంట్లోకి అడుగు పెట్టగానే చూసింది అదే. జానెడు చీర నేశాక గాని ఆయన గమనించలేదు.

“ఏందిమా ఇది? నెమిళ్లు యోగా చేస్తా ఉండాయా?” అన్నాడు దండపాణి. మాట వేళాకోళమే గాని ముఖంలో నవ్వు లేదు.

ఈ ఊళ్లో మగ్గానికి కట్టే డిజైను అట్టలకు రంధ్రాలు కొట్టే యంత్రాలను కంప్యూటర్లే నడిపిస్తాయి. సాఫ్ట్‌వేరు లైసెన్సు కొనే స్తోమత లేని నేత సంఘానికి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్‌ను తెచ్చిపెట్టింది సత్యప్రియే. తిరువళ్లూరులో డిప్లొమా చదివింది. కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని పోయాక ఆమెకు మిగిలిన బతుకుతెరువు ఇదొక్కటే. క్రితం నెల ఈ కంప్యూటర్లు మొరాయించి మగ్గాలు ఆగినప్పుడు సంఘం అధ్యక్షుడు వరదయ్య మొహమాటపడలేదు. “ఇంకోసారి నిలిస్తే ఈ కంప్యూటరు పెట్టెలన్నీ ఎత్తి పారేస్తాం. నువ్వూ వేరే పని చూసుకోమా.”

అట్టలు కొట్టించే ప్రోగ్రాము కొత్త వెర్షన్‌లో రంధ్రాల వరసను లెక్కించే పద్ధతి మారింది. ఇదివరకు కిందనుంచి, ఇప్పుడు పైనుంచి. తయారు చేసినవాళ్లు ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. సత్యప్రియ దాన్ని బళ్లో తమిళం చదివిన కుర్రవాళ్ల కోసం తమిళంలో టైపు చేసింది, పెద్దల కోసం తెలుగులో మాట్లాడి వాట్సాప్‌లో పంపింది. “కొత్త సెట్టింగులే తీసుకోండి. పాతవి పారేయొద్దు, పక్కన పెట్టండి.”

ఇప్పుడు దండపాణి ఇంటి కంప్యూటర్లో ఆ సెట్టింగుల ఫైలు తెరిచింది. పైన కొత్త సెట్టింగులు. వాటికి ఆనుకునే కింద పాతవి. కంప్యూటరు చివర చదివినదాన్నే పట్టుకుంటుంది. అందుకే కొత్త డిజైను పాత లెక్కతో అట్టలెక్కింది.

“మామా, ఈ రెండూ ఎవరు కలిపినారు?”

“నేనే. పాతది తీసేస్తే కొత్తది దేన్ని పట్టుకోని నిలుస్తాది? పడుగు అయిపోతే ఏం చేస్తాం? మూరెడు పోగులు వదిలి, కొత్త పడుగు దానికి అతుకుతాం. లేకుంటే ఒక్కో పోగూ మళ్లా అచ్చు పళ్ల సందుల్లోకి ఎక్కించాల. నేతింటి బిడ్డవు, నీకు తెలీదా?”

తెలుసు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూచుని ఆ పోగులు అతికిన చేతులే ఇవి. సందేశం పంపేటప్పుడు మాత్రం అది తట్టలేదు.

పాత సెట్టింగులు తీసేసింది. ఒక్క ఇల్లే గదా, పొద్దు గూకేలోగా కొత్త అట్టలు కొట్టిస్తే వరదయ్య చెవిన పడదు.

“మిగతావాళ్లు సరిగానే చేసినట్టుండారు మామా. ఎవరూ ఫోన్ చెయ్యలే.”

“చెయ్యకుండా ఏమి? అందురూ నన్నే అడిగినారు. ఇట్లనే అతకండి అని నేనే చెప్పినా. పొద్దున్నే అట్టలు మార్చినారు.”

ఫోన్ మోగింది. వెనక వీధి పచ్చయమ్మ. “సత్యా, యాడుండావు? మా ఇంట్లో నెమిళ్లు తలకిందులైనాయి!”

సత్యప్రియ దండపాణి వైపు తిరిగింది. “మామా, పాతవి తీసేయమని నువ్వే చెప్పాల. నా మాట వినరు.”

“అతికినదాన్ని కోసేయమని నా నోటితో చెప్పమంటావా?” ఆయన ముఖం తిప్పుకున్నాడు.

వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కో ఇంటా ఆగిపోతోంది. ఆమె చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి వరదయ్య.