విసుర్రాయి కింద తాత తెల్లతోలు

మా చిన్నప్పుడు... గద్వాలలో తాత నెలకోసారి ఇస్త్రీ ధోవతి కట్టుకుని, చంకలో సన్నటి రేకు పెట్టెతో పట్నం రైలెక్కేవాడు. ఎందుకని అడిగితే "పనుంది బిడ్డా" అనేవాడు. అంతే...

వయసులో ఉన్నప్పుడు తాత సంస్థానం కచేరీలో గుమాస్తా. ఆ పెట్టెకు ఎప్పుడూ తాళమే. ఒకరోజు తాళం వేయడం మరిచిపోయి స్నానానికి వెళ్లాడు. అవ్వ తెరిచింది. లోపల మెత్తటి తెల్లతోలు, నీలం అంచు, నడుముకు కట్టుకునే పట్టీలు...

జొన్నలు విసురుకుందామని వచ్చిన పక్కింటి నర్సమ్మత్త తొంగిచూసింది.

"ఓయమ్మా! గిది హోటళ్ల గిన్నెలు కడిగేటోళ్లు కట్టుకునేది గదా అత్తా! మా తమ్ముడు కర్నూల్ల గిసుంటిదే కట్టుకుంటడు."

సాయంత్రానికి వీధంతా పాకింది.

"ఏం మామా, పట్నంల దోశెలు మంచిగ పోస్తున్నవంట!" అని అరుగుల మీంచి పలకరింపులు.

"నువ్వు రారా, నీకు రెండెక్కువ పోస్త" అని నవ్వేవాడు తాత.

బడిలో నన్ను 'దోశెలోళ్ల పిల్ల' అన్నారు. ఏడుస్తూ వచ్చి, నిజమేందో చెప్పరాదా తాతా అని అడిగాను.

"మాటిచ్చిన బిడ్డా. ఆడి సంగతి ఈడ చెప్పరాదు."

అవ్వకు తల కొట్టేసినట్టయింది. అక్కచెల్లెళ్లు ఎగతాళి చేస్తారని ఆ ఏడు మల్దకల్ జాతరకు కూడా పోలేదు. ఒకనాడు ఆ తోలు తెచ్చి విసుర్రాయి కింద పరిచి, జొన్నలు పోసి తిప్పడం మొదలుపెట్టింది.

"ఇగ పట్నం పోవుడు బంద్. గిన్నెలు తోముడే ఉంటే ఇంట్ల తోము."

తాత మళ్లీ రైలెక్కలేదు. విసుర్రాయి తిరుగుతుంటే మాత్రం లేచి బయటకు వెళ్లిపోయేవాడు. పిండి పడీ పడీ నీలం అంచు మాసిపోయింది. కొన్నాళ్లకు తోలు చిరిగి చెత్తలో కలిసింది. పీడ పోయిందనుకున్నాం, నేను కూడా...

పోయిన వారం వనపర్తి నుంచి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. లోపలి సంగతులు బయట చెప్పబోమని ఒట్టు పెట్టుకునే ఫ్రీమేసన్ల సంఘంలో సంస్థానాల కాలంలో మన వైపు నుంచి ఎవరెవరు చేరారో పరిశోధన చేస్తోందట. ఫోనులో పాత ఫొటో చూపించింది. దొరలు, తెల్లదొరలు, వకీళ్లు... మధ్యలో మా తాత! అందరి నడుముకూ అదే తెల్లతోలు.

"ఆడ అందరు అన్నదమ్ములే అనుకునేటోళ్లంట ఆంటీ. దొర పక్కన గుమాస్తా కూసునేటోడంట! మన దిక్కు సంగతులు ఎవ్వరు సరిగ రాయలే. ఆ తోలు గిన మీ ఇంట్ల ఉంటే చూపిస్తరా?"

మిక్సీ వారంటీ కాగితం కూడా పారేయని మనిషిని నేను. వంటింట్లో డబ్బా డబ్బాకూ చీటీ అంటించి ఉంటుంది. ఆ పిల్లకు ఏం చూపించను? "లేదమ్మా" అన్నాను. తలెత్తలేకపోయాను...

"మరి పట్నం ఎందుకు పోతున్నవని ఊరోళ్లు అడిగితే తాత ఏం చెప్పేటోడు?"

"దోశెలు పోస్తున్ననని..."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను.

ఇప్పుడు ఏ అనుమానం వచ్చినా ఫోనులో వెతుక్కుంటున్నాం. అప్పుడు పక్కనే కూర్చున్న మనిషిని నమ్మడం మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు...

మీ ఇళ్లలో కూడా ఇలా నవ్వి ఊరుకున్న పెద్దవాళ్లు ఉండేవారా? ఉంటే రాయండి... చదువుతాను.