మోచెయ్యి మామయ్య

మా మేనమామకి మోచెయ్యి మామయ్య అని పేరు పెట్టింది నేనే. వాళ్ళింట్లోనే పెరిగాను కాబట్టి ఆ హక్కు నాకుంది. ఆటస్థలం వెనక చిన్న గదిలో ఆయన మర్దన చేస్తాడు. కాలు నొప్పని వచ్చినవాళ్ళు బల్లమీద పక్కకి తిరిగి పడుకుంటే, తొడ బయటివైపు మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేసి, తుంటి నుంచి మోకాలి దాకా తోసేవాడు. అరవని మనిషి లేడు. అరిచేకొద్దీ ఆయనకి హుషారు.

"కండ గట్టిపడి తాడయిపోయింది. సాగాలా వద్దా?" అనేవాడు. ఆపైన ఒక మాట తప్పకుండా తగిలించేవాడు. "మా ఆవిడకీ ఇదే నొప్పి. రోజూ సాయంత్రం నొక్కుతాను. కిక్కురుమనదు. నీకు సిగ్గులేదూ?"

ఆ మాటకి ఒక పోస్ట్‌మ్యాన్ కళ్ళు తుడుచుకుని, నోరు మూసుకుని మళ్ళీ పడుకోవడం నేను కళ్ళారా చూశాను.

అత్తయ్యకి ఇస్త్రీ దుకాణంలో రోజంతా నిలబడే పని. మెట్లు దిగుతుంటే మోకాలి పక్కన పొడిచినట్టుండేది. ఎవరడిగినా "మా ఆయన చేతి చలవ, చాలావరకు తగ్గింది" అనేది. అది విని దుకాణానికి వచ్చినవాళ్ళు కొందరు మామయ్య గదికి దారి పట్టేవారు. ఇక ఆయన కాలు నేలమీద నిలిస్తే ఒట్టు. ఇంట్లో ఆయనకి ఉన్న చిరాకల్లా ఒక్కటే, తువ్వాళ్ళ అంచులు ఎప్పుడు చూసినా పీచులు లేచి ఉండేవి. చవక సరుకు తెస్తావని అత్తయ్యనే విసుక్కునేవాడు.

ఇలా ఉండగా, ఆటస్థలం నడిపే పెద్దలు మర్దన చేసేవాళ్ళందరినీ పాఠం వినడానికి ఒక వైద్య కళాశాలకి పంపారు. అక్కడి డాక్టరమ్మ, దానంగా వచ్చిన ఒక దేహం తొడని విప్పి చూపించింది. చర్మం, కొవ్వు తీసేశాక తెల్లటి పొర ఒకటి ఉంది. దిండుకి గలీబు తొడిగినట్టు అది తొడ కండలన్నిటినీ కలిపి బిగించి పట్టుకుంది. బయటివైపు మాత్రం మందంగా, వెడల్పాటి పట్టీలా ఉంది.

"ఇది కండ కాదు. తుంటి ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి, కింది ఎముకకి అతుక్కునే పట్టీ. పైన పిరుదు కండ, తుంటి ముందున్న ఈ చిన్న కండ దీన్ని లాగి పట్టుకుంటాయి. మీరూ లాగి చూడండి" అంది.

మామయ్య రెండు చేతులా లాగాడు. అది వెంట్రుకవాసి కూడా సాగలేదు.

"మోచేత్తో నొక్కితే ఇది సాగదు. కింద ఉన్న కండ నలుగుతుంది. మోకాలి పక్కన నొప్పి ఉన్నవాళ్ళకి ఇంకా రేగుతుంది. బలం రావలసింది తుంటి కండలకి. మీలో మోచెయ్యి వాడేవాళ్ళెవరు?"

కొన్ని చేతులు లేచాయి. మామయ్య మోచేతులు రెండూ పొట్టకి ఆనించుకుని పక్కవాడి వెనక్కి జరిగాడు. ఈ సంగతి తర్వాత ఆయనే నేల చూపులు చూస్తూ చెప్పాడు. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం నేను వంటింటి గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతున్నాను. అత్తయ్య పని నుంచి వచ్చి, చాప పరిచి, రోజూలాగే గోడవైపు తిరిగి పడుకుంది. మామయ్య పక్కన కూర్చున్నాడు గానీ మోచెయ్యి లేవలేదు. ఎలా చెప్పాలో తెలియక చాప అంచు సర్దాడు. చివరికి ముఖం చూసి చెబుదామనుకున్నాడు కాబోలు, లేచి, గోడకీ ఆవిడకీ మధ్య వంగాడు.

అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. తువ్వాలు అంచు మడిచి పళ్ళ మధ్య బిగించింది. మోచెయ్యి ఇంకా తగలనే లేదు.

"ఏమిటే ఇది?"

ఆవిడ ఉలిక్కిపడి తువ్వాలు లాగేసింది. "ఏం లేదండీ. మీరు కానివ్వండి."

"రోజూ ఇంతేనా?"

అత్తయ్య తువ్వాలు తడి అంచుని కొంగు కింద దాచింది. మామయ్యకి తల కొట్టేసినట్టయింది. అక్కడే కూలబడి పాఠమంతా చెప్పాడు. పట్టీ సంగతి, కింద నలిగే కండ సంగతి, తను ఎత్తని చెయ్యి సంగతి, అన్నీ. చెప్పి, బుద్ధి పోనిచ్చుకోకుండా, "మరి తగ్గిందన్నావు కదే?" అన్నాడు.

"మొదట్లో తగ్గలేదనే అన్నానండీ. ఇంకాస్త గట్టిగా నొక్కారు. అప్పట్నుంచీ తగ్గిందంటున్నాను."

మామయ్య ఏడ్చాడు. అత్తయ్య లేచి కూర్చుని, "మీరొక్కరే ఏడిస్తే ఎలా? నా మాట నమ్మి ఎంతమంది మీ బల్ల ఎక్కారో. వాళ్ళ ముఖం నేనెలా చూడను?" అంది.

మర్నాడు ఆయనతోపాటు నేనూ వెళ్ళాను, మళ్ళీ ఎవరి వెనకైనా నక్కుతాడేమోనని. పోస్ట్‌మ్యాన్ వచ్చి, అలవాటుగా పక్కకి తిరిగి పడుకుని, నోరు బిగించుకున్నాడు.

"లే నాయనా," అన్నాడు మామయ్య. "నేను చేసింది తప్పు. నీకు నొప్పి ఎక్కువైంది నావల్లే."

అతను లేచి కూర్చుని అయోమయంగా చూశాడు. "మరి మీ ఆవిడ కిక్కురుమనదన్నారు?"

మామయ్య సంచీలోంచి తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

"కిక్కురుమనలేదు. ఇది కొరుక్కుంది."