ఐలవ్వ వంచిన ఉమ్మెత్త

మా అత్త ఐలవ్వకు అక్షరం ముక్క రాదు. నేను రెండో తరగతి చదివాను. ఆ తేడా చూసుకుని ఎంత మిడిసిపడ్డానో నాకే తెలుసు.

గోదావరిఖని పక్కన మా ఊళ్ళో గొడ్డుకు జబ్బు చేస్తే మా వాకిట్లోకే తోలుకొచ్చేవారు. కడుపు ఉబ్బితే అత్త వాము, ఇంగువ నూరి పోసేది. గిట్టల పుండ్లను వేపాకు కాచిన నీళ్ళతో కడిగేది. పుండులో పురుగులు పడితే మాత్రం ఆమె వైద్యం రెండు చోట్ల జరిగేది. పుండులో సీతాఫలం ఆకు ముద్ద పెట్టి, ఊరి బయటకు వెళ్ళి ఒక ఉమ్మెత్తను వంచి, కొమ్మ మీద రాయి పెట్టేది.

"పురుగులు రాలేదాక నిన్ను ఇడువ. రాలినంక ఇడువకుంటే నా నడుము ఇరగాలె" అని మొక్కకు చెప్పేది. పురుగులు రాలిన రోజే వెళ్ళి రాయి తీసేది.

డెబ్బై రెండులో నాకు మరిది వరసయ్యే సదయ్య ఎద్దుకు మెడ మీది కాడి పుండులో పురుగులు పడ్డాయి. ఆసారి అత్త ఉమ్మెత్తను కుంగిన చేనులో వంచింది. కింద బొగ్గు తీశాక ఆ చేను పళ్ళెంలా దిగిపోయింది. పగుళ్ళలోంచి వెచ్చటి ఆవిరి వచ్చేది. పిట్ట వాలేది కాదు. ఉమ్మెత్తలు మాత్రం నడి వేసవిలోనూ పచ్చగా ఉండేవి.

మూడో రోజు పురుగులు రాలాయి. అత్తకు జ్వరం.

"సారక్కా, జల్ది పోయి రాయి తీసి రా."

మిట్టమధ్యాహ్నం గట్టు దాకా వెళ్ళాను. పాదాల కింద నేల లోపల ఎవరో ఏదో నములుతున్నట్టు చప్పుడు. భయమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. కలుపు మొక్క కోసం చదువుకున్నదాన్ని కాళ్ళు కాల్చుకోవాలా అనుకుని తిరిగొచ్చాను.

"తీసినవా?"

"తీసిన అత్తా."

"మొక్క లేసిందా?"

"లేసింది."

చాలాసేపు నన్నే చూసింది.

జ్వరం తగ్గింది. నడుము వంగింది. వారం తిరగకుండానే ఆమె ముఖం చూడాలంటే నేను కింద కూర్చోవాల్సి వచ్చింది. దవాఖానలో డాక్టరు తడిమి చూసి ఎముకలు బాగానే ఉన్నాయన్నాడు. మా ఆయన ఎల్లేశం బొగ్గు గనిలో డ్యూటీ దిగి వచ్చి ఆమె వీపుకు నూనె రాశాడు.

"మెల్లగ కొడుకా! నీ చేతికి తోడు ఇంకోటున్నది పైన" అని మూలిగింది.

ఆయన చేయి తీసేశాడు. అయినా వీపు మీద అరచేయంత మేర చర్మం లోపలికి నొక్కుకునే ఉంది.

మర్నాడు తెల్లారగానే పరిగెత్తాను. చేను లేదు. గట్టూ లేదు. గుంత అంచున సదయ్య నిలబడ్డాడు.

"యాడికి ఉరుకుతున్నవ్ వదినే? అండ్ల పడితే మా అన్ననే నిన్ను కిందికెళ్ళి తట్టల ఎత్తుకొస్తడు!"

తొంగి చూశాను. పొగ తప్ప అడుగు కనబడలేదు. ఆ రాయి ఇక ఎవరి చేతికీ అందదు.

అత్త కాళ్ళ దగ్గర కూర్చుని నిజం చెప్పాను. తప్పు ఒప్పుకుని నేనలా కూర్చున్నది బతుకులో అదొక్కసారే.

"నాకెరుకనే. మొక్క లేస్తే నాకీడ తెలుస్తది" అంది, నడుము మీద చేయి వేసుకుని.

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"నీ అంతట నువ్వే పోతవేమోనని సూసిన."

తొమ్మిదేళ్ళు అలా వంగే బతికింది. ఆ నడుముతోనే గొడ్లకు మందులు పోసింది. ఆకులన్నీ నాకు చూపించింది. ఒకసారి పురుగుల పుండుకు నేనే ఉమ్మెత్తను వంచుతానంటే వద్దంది.

"నీ మాట అది నమ్మదు పిల్లా. ఆకు నూరు, సాలు."

ఆకే నూరుతున్నాను. పురుగులు రాలుతూనే ఉన్నాయి. ఉమ్మెత్తలున్న దారిన మాత్రం నేను నడవను.